లోపలి వైపు రంగు

“చిలకా! ఒసేయ్ చిలకా! తడిగుడ్డ, తడిగుడ్డ!”

మెట్ల కిటికీ దగ్గర నిలబడి మబ్బులకి పేర్లు పెట్టుకుంటున్నదాన్ని, ఉలిక్కిపడి గుడ్డ పట్టుకుని పరిగెత్తాను. రిమూవరు చుక్క ఒకటి చిట్లి బావ ముంజేతి మీద పడింది. పాత రంగుని ఊడగొట్టే మందు అది. రంగుకీ చర్మానికీ తేడా తెలీదు దానికి. పడ్డచోట నిప్పురవ్వ అంటుకున్నట్టే.

“ఎక్కడ ఊరేగుతున్నావే?” అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ.

“ఇక్కడే ఉన్నాగా.”

“నువ్వున్నావు. నీ బుర్ర ఏ ఊళ్ళో ఉందో చెప్తే వెళ్ళి తెచ్చుకుందాం.”

నా అసలు పేరు నాకే సరిగ్గా గుర్తుండదు. వాగుడుకాయనని చిన్నప్పుడే చిలక అన్నారు, అదే ఉండిపోయింది. బావ మా మేనత్త కొడుకు, నా మొగుడు. పాత తలుపుల రంగు గీకి, చెక్క తేల్చి, పాలిష్ పెట్టడం అతని పని. పెళ్ళయ్యాక ఇంట్లో ఒంటరిగా గోడలతో మాట్లాడలేక నేనూ అతని వెంట పడ్డాను. నాకు ఆ పనంటే పిచ్చి. దళసరి రంగు ముడతలు పడి ఊడిపోయి, కింద నుంచి చెక్క గీతలు మెల్లగా పైకి తేలుతుంటే ముసుగు జారిన పెళ్ళికూతుర్ని చూసినట్టు ఉండేది. ఆ మాట బావతో అంటే నవ్వేవాడు.

“పెళ్ళికూతురు కాదు తల్లీ, టేకు. గీకు.”

ఆ వారమంతా మేము టీచరమ్మ ఇంట్లో ఉన్నాం. పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి మానేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆ పెద్ద ఇంట్లో ఆమె, ఆమె చిన్న రేడియో, అంతే. ఇల్లు అమ్మేస్తోందట. కొనేవాళ్ళకి తలుపులు చెక్కరంగులో కనబడాలట. ఆమె ఎదురుగా నిలబడితే నాకు తెలియకుండానే చేతులు కట్టుకునేదాన్ని. బావ కూడా, అంత మనిషి, చెప్పులు వరసగా విడిచేవాడు.

ఆ ఇంటి తలుపులన్నిటికీ పైన మీగడ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, అన్నిటికన్నా కింద ఎర్రమట్టి రంగు. ఒక్కో కోటు ఊడుతుంటే ఒక్కో కాలంలోకి దిగుతున్నట్టు ఉండేది నాకు. నీలం రంగు వేయించిన రోజుల్లో ఈ ఇంట్లో ఎవరో ప్రేమలో పడి ఉంటారని నాలో నేనే అనుకున్నాను. ఎందుకో అడగొద్దు. నీలం అలాంటిది.

పై అంతస్తులో వరండా చివర ఒక చిన్న గది ఉంది. పాత సామాన్ల గది. దాని గుమ్మం పక్కనే ఒక పేము కుర్చీ. పనికి అడ్డమని బావ దాన్ని రెండుసార్లు పక్కకి జరిపాడు. మేము టీ తాగి వచ్చేసరికి అది మళ్ళీ అక్కడే ఉండేది, గుమ్మాన్ని ఆనుకుని.

ఆ తలుపు పని మొదలుపెట్టిన పొద్దున టీచరమ్మ స్వయంగా పైకి వచ్చింది. బావ బయటి గడియ విప్పుతుంటే చూస్తూ నిలబడింది. అరచెయ్యంత ఇనప గడియ అది. మిగతా ఏ తలుపుకీ అలాంటిది లేదు. బావ దాన్ని మేకుల డబ్బాలో వెయ్యబోతే చెయ్యి చాపింది.

“అది నా దగ్గర ఉంటుంది.”

శాలువా మడతలో పెట్టేసుకుంది. తర్వాత వేలితో తలుపు చూపించింది.

“దీనికి బయటి వైపు మాత్రమే చెయ్యండి. లోపలి వైపు ముట్టుకోవద్దు.”

“అదేంటమ్మా, సగం తలుపు చెక్క, సగం తలుపు రంగా?” అన్నాడు బావ. “సగం గడ్డం గీసుకున్నట్టు ఉంటుంది.”

“లోపలి వైపు నేనే రంగు వేసుకుంటాను. ఎప్పుడూ నేనే వేసుకుంటాను.”

బావ నోరు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. నా వల్ల ఎక్కడవుతుంది?

“ఎందుకండీ టీచరమ్మగారూ?”

ఆమె నా వైపు చూడలేదు. గోడకేసి చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “మా చెల్లెలు పోయింది ఈ గదిలోనే. అప్పుడే కొత్తగా రంగు వేయించాం. తడి రంగుకి తలుపు పట్టుకుపోయింది. దానికి ఉబ్బసం. ఇంట్లో ఎవరం లేము.” ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఊపిరి కూడా తీసుకోలేదు. చెప్పేసి, రేడియో చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నా కళ్ళ నిండా నీళ్ళు. బావ మాత్రం తలుపు అంచు మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు.

“తడి రంగుకి తలుపు అతుక్కోవడం నిజమేనే. కానీ గట్టిగా రెండు లాగులు లాగితే పెళ్ళున ఊడి వచ్చేస్తుంది. పాపం, ఆ పిల్లకి బలం చాల్లేదేమో.”

ఇక్కడ మా పనిలో ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. తలుపుకి ఇటు హ్యాండిలుకీ అటు హ్యాండిలుకీ మధ్య నాలుగు పలకల ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితేనే తలుపు అంచున ఉన్న నాలుక లోపలికి పోయి తలుపు తెరుచుకుంటుంది. రంగు తీసేముందు హ్యాండిళ్ళూ కడ్డీ పీకేస్తాం. అప్పుడు ఆ నాలుకని కూడా తీసెయ్యాలి. తియ్యకుండా వదిలేస్తే, గాలికి తలుపు మూసుకుందా, ఇక అంతే. లోపలున్నవాడు లోపలే. అందుకే బావ రోజూ సుప్రభాతంలా పాడేవాడు, “ముందు నాలుక, తర్వాత హ్యాండిలు.”

ఆ రోజు అతను హ్యాండిళ్ళు విప్పుతూ, “నాలుక తీశావా?” అని అడిగాడు.

“ఊఁ, తీశా.”

తీశాను. పక్క గదిది.

మధ్యాహ్నానికల్లా బయటి వైపు తేలిపోయింది. తేనెరంగు చెక్క. నీటి మీద గాలి పోయినట్టు గీతలు. నేను చెంప ఆనించి చూశాను. బావ చెక్క రుద్దే ఉప్పు కాగితం పడేసి లేచాడు.

“పాలిష్‌లో కలిపే స్పిరిటు అయిపోయింది. వాన దంచకముందే కొట్టుకి వెళ్ళొస్తా. నువ్వు కిటికీ రెక్కలు రుద్దుతూ ఉండు. చిలకా, ఆ తలుపు లోపలి వైపు...”

“ముట్టుకోను బాబూ!”

“నీ మొహం. ఆ ‘బాబూ’ అన్నప్పుడే అనుమానం నాకు.”

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ అతని జేబులోనే దిగిపోయింది. స్క్రూడ్రైవరూ, ఆ కడ్డీ కూడా.

ఎందుకు వెళ్ళానంటే ఏం చెప్పను? ఆ అమ్మాయి నా మనసులోంచి పోవడం లేదు. నా వయసే ఉండి ఉంటుంది. ఎవర్నో ప్రేమించి ఉంటుంది. ఈ నీలం రంగు ఆమెదే అయి ఉంటుంది. తలుపు లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట, పిన్నుతో అతని పేరు చెక్కుకుని ఉంటుంది. అక్క దాని మీద రంగు వేసి కప్పేసి ఉంటుంది. అంతా నా కళ్ళకి కట్టినట్టు కనబడింది. చిన్న చోట, ఒక్క జానెడు మేర గీకి చూసి, మళ్ళీ మీగడ రంగు పూసేస్తే ఎవరికి తెలుస్తుంది?

గదిలో లైటు లేదు. ఉన్న ఒక్క కిటికీ అద్దాలకి కూడా రంగు పూసేశారు, రెక్కలు చట్రానికి అతుక్కుపోయి ఉన్నాయి. చార్జింగు లైటు నేల మీద పెట్టాను. తలుపుని సగం మూసి, అడుగున ఆపుచెక్క దూర్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. మూసి ఉన్న గది వాసన... పాత బట్టలు, ఎండిన లప్పం, అడుగున ఇంకేదో. జ్వరంగా ఉన్న మనిషి దుప్పటి వాసన లాంటిది.

బ్రష్షుతో రిమూవరు రాశాను. కాసేపటికి మీగడ రంగు మెల్లగా ఉబ్బింది, ముడతలు పడింది. వేడి పాల మీద మీగడ కదిలినట్టు కదిలింది. బ్లేడు పెట్టి తోశాను. చుట్టలు చుట్టుకుంటూ వచ్చేసింది. కింద ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ మీద తెల్లగా, గంట్లు పూడ్చిన లప్పం గీతలు!

నా గుండె ఎగిరి గంతేసింది. పేరు! లైటు దగ్గరికి లాక్కున్నాను.

పేరు కాదు. నాలుగు గీతలు. పక్కపక్కన, పైనుంచి కిందికి. కొంచెం అవతల మళ్ళీ నాలుగు.

పోనీ, అది గోళ్ళతో గీకింది అనుకున్నాను. పాపం, ఊపిరాడక గీకి ఉంటుంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకో పూత రాశాను. ఆకుపచ్చ లేచింది. కింద నీలం. నీలం మీద లప్పం గీతలు. నాలుగు, నాలుగు. కానీ వేరే చోట.

చెయ్యి ఆగిపోయింది.

బావ నాకు మొదట్లోనే నేర్పాడు. లప్పం ఏ కోటు కింద ఉంటే దెబ్బ ఆ కోటు వెయ్యకముందు తగిలిందని. నీలం మీద ఉన్న గీతలు ఆకుపచ్చ వెయ్యకముందువి. ఆకుపచ్చ మీద ఉన్నవి మీగడ వెయ్యకముందువి. మధ్యలో ఎన్నో ఏళ్ళు ఉంటాయి. ఆ అమ్మాయి పోయింది ఒక్కసారే కదా...

మరి ప్రతి కోటునీ గీకింది ఎవరు?

వెనక నుంచి చల్లగా గాలి తగిలింది మెడ మీద. కిటికీ అతుక్కుపోయిన గదిలో.

టక్.

పెద్ద చప్పుడేమీ కాదు. డబ్బా మూత పెట్టినంత చప్పుడు. తలుపు మూసుకుంది.

నవ్వొచ్చింది మొదట. లేచి, హ్యాండిలు కోసం చెయ్యి పెట్టాను. హ్యాండిలు ఉండాల్సిన చోట చిటికెన వేలు పట్టే నాలుగు పలకల కన్నం. అప్పుడు గుర్తొచ్చింది నాకు, తీసింది పక్క గది నాలుకని.

ఆపుచెక్క కోసం చూశాను. నేను తలుపు అడుగున దూర్చాను దాన్ని. అది నా వెనక, గది మధ్యలో, నిలువుగా నిలబెట్టి ఉంది.

బ్లేడు మూల ఆ కన్నంలో పెట్టి తిప్పాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. టప్పున విరిగింది. మడతబందులు నా వైపే ఉన్నాయి, కానీ వాటి స్క్రూల మీద ఇన్నేళ్ళ రంగు గడ్డకట్టి ఉంది, స్క్రూడ్రైవరు బావ దగ్గరుంది. వేళ్ళు తలుపు అంచున దూర్చి లాగుదామంటే సందు లేదు. కంగారులో కాలు తగిలి రిమూవరు డబ్బా బోర్లాపడింది.

ఆ గది నేల అవతలి గోడ వైపు వాలుగా ఉండబట్టి మందు అటు పారింది. కానీ వాసన ఎటు పారుతుంది? చూస్తుండగానే గొంతులో మంట, కళ్ళల్లో కారం. కిటికీ తెరిచిపెట్టుకుని పనిచేస్తేనే తల దిమ్మెక్కించే మందు అది. మూసిన గదిలో వాడితే మనిషి నిద్రలోకి జారినట్టు జారిపోతాడని బావ వెయ్యిసార్లు చెప్పాడు. అద్దమైనా పగలగొడదామని ఆపుచెక్క విసిరాను. అద్దం ఖణేల్‌మని పగిలింది. దాని వెనక ఇటుకలు. కిటికీ ఎప్పుడో పూడ్చేశారు.

ఇక తలుపు మీద పడ్డాను.

“టీచరమ్మగారూ! టీచరమ్మగారూ!”

రెండు అరచేతులతో బాదాను. కింద రేడియోలో ఎవరో ఏదో చెప్తున్నారు. వినబడి ఉంటుంది. వినబడకుండా ఎలా ఉంటుంది? బాదడం ఆపి చెవి పెట్టాను.

రేడియో చప్పుడు పెరిగింది.

పెరగడమే కాదు. దగ్గరవుతోంది. మెట్లెక్కి వస్తోంది. హమ్మయ్య అనుకున్నాను. కన్నానికి కన్ను ఆనించాను. వరండాలో వాన మబ్బు వెలుగు. బూడిదరంగు శాలువా అడ్డంగా కదిలింది. పేము కుర్చీ కిర్రుమంది.

ఆమె కూర్చుంది. తలుపుకి వీపు పెట్టి. ఒళ్ళో రేడియో.

“అమ్మా, తలుపు మూసుకుపోయిందండీ! నేను లోపల ఉన్నాను!”

రేడియో సన్నగా గొణుగుతోంది. దాని మీదుగా ఆమె గొంతు వినిపించింది. జోకొడుతున్నట్టుగా.

“ఇంక చాలమ్మా. పడుకో.”

మూతి ఆ కన్నానికి ఆనించాను.

“నేనండీ... చిలకని. పాలిష్ అతని భార్యని...”

“నువ్వెప్పుడూ ఇంతే. ఎవరి పేరో చెప్తావు.”

“ఒట్టండీ, నేనే...”

“ఒకసారి పక్కింటి పిల్లనన్నావు. ఒకసారి అమ్మనన్నావు, అచ్చం అమ్మ గొంతుతో. తీశాను. ఎవరున్నారు?” మెల్లగా నవ్వింది. “ఎవరూ లేరు. మళ్ళీ తలుపు పాడుచేశావు. మళ్ళీ నేనే లప్పం పెట్టుకోవాలి. పడుకో తల్లీ. రేపు రంగు వేస్తాను.”

ఏడ్చాను. అరిచాను. బావ పేరు చెప్పాను, పొద్దున ఆమె ఇచ్చిన టీలో పంచదార తక్కువైందన్నాను, చెప్పులు వరసగా పెట్టామన్నాను. నేను నేనే అని ఒకళ్ళకి ఎలా రుజువు చెయ్యాలో నాకు తెలీలేదు. ఎంత గట్టిగా అరిస్తే అంత ఆమె చెల్లెలిలాగే వినబడుతున్నాను. శాలువా వీపు కదల్లేదు. రేడియో ఇంకాస్త పెద్దదైంది.

లైటు పసుపెక్కింది. తర్వాత ఎర్రగా. తర్వాత...

చీకటి. ఆ కన్నంలోంచి వచ్చే గింజంత వెలుగు తప్ప.

జారిపోయి నేల మీద పడుకున్నాను. తలుపు కింద సన్నటి సందు ఉంది. అందులోంచి కాస్త మంచి గాలి వస్తోంది. చెంప నేలకి ఆనించి, మూతి ఆ సందుకి పెట్టి పీల్చాను. వాన వాసన. అంత తీపి వాసన నేనెప్పుడూ పీల్చలేదు. చెయ్యి పైకెత్తితే తలుపు అడుగు పలకకి తగిలింది. మెత్తబడ్డ రంగు కింద గీతలు వేళ్ళకి తగిలాయి. పైకన్నా ఇక్కడే ఎక్కువ. గజిబిజిగా, ఒకదాని మీద ఒకటి. నాలుగు వేళ్ళూ వాటిలో సరిగ్గా కూర్చున్నాయి.

ఆమె కూడా ఇక్కడే పడుకుంది. ఇదే సందు దగ్గర.

పీల్చాను. వదిలాను. పీల్చాను.

నేను వదులుతున్నప్పుడు... ఇంకెవరో పీలుస్తున్నారు.

ఊపిరి బిగబట్టాను. అది ఆగలేదు. సన్నగా, ఈలలా. గొంతులో పిల్లి కూర్చుని కూస్తున్నట్టు. నా చెవి పక్కనే. నా చెంపకి ఎదురుగా. నేను ఏ సందులోంచి గాలి తీసుకుంటున్నానో ఆ సందులోంచే.

కళ్ళు తెరవలేదు. తెరిచినా చీకటే, అయినా తెరవలేదు.

తడిగా, చల్లగా, గుసగుసగా వినిపించింది.

“కొంచెం... జరగవూ...”

నేను జరిగాను.

ఏం చెయ్యను? బస్సులో ఎవరైనా అడిగితే జరిగినట్టు, ఆలోచించకుండా జరిగాను. నా భుజం పక్కన నేల మీద ఏదో బరువుగా సర్దుకుంది. ఈల ఊపిరి హాయిగా ఒక్కసారి లాగింది. ఆ తర్వాత తలుపు మీద చప్పుడు మొదలైంది.

తట్... తట్... తట్...

నా చేతులు రెండూ నా గుండెల కింద ఉన్నాయి.

ఎంతసేపో తెలీదు. ఒకటి మాత్రం గుర్తుంది. ఇద్దరికీ ఆ సందు చాలదని తెలుస్తూ ఉంది నాకు. కొద్దికొద్దిగా నా వాటా తగ్గుతూ వచ్చింది. తల లోపల దూది కూరినట్టు. చల్లటి వేళ్ళు నా జుట్టు సవరించినట్టు అనిపించింది, అక్క చెల్లెలికి సవరించినట్టు. నిద్రొస్తోంది...

“చిలకా! ఒసేయ్ చిలకా!”

ఎక్కడో అడుగున, బావిలోంచి వచ్చినట్టు.

“చిలకా, తలుపు బాదుతున్నది నువ్వేనా? ఎక్కడున్నావే?”

పలుకుదామంటే నాలుక లేవలేదు. తట్, తట్, తట్ మాత్రం ఆగలేదు. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా. మెట్ల మీద పరుగు. కుర్చీ పక్కకి పడ్డ చప్పుడు. కన్నంలోకి కడ్డీ దూరింది. నాలుక జారింది. తలుపు నా మీదకి తోసుకొచ్చి ఆగిపోయింది.

“జరుగు చిలకా! జరగవే!” అని అరుస్తున్నాడు బావ. “ఇంత బరువేంటి!”

ఎలా తెరిచాడో, ఎలా లాగాడో తెలీదు. వరండా నేల మీద, వాన జల్లు ముఖాన కొడుతుంటే కళ్ళు తెరిచాను. బావ ఒళ్ళో ఉన్నాను. తన చొక్కాతో నా ముఖం తుడుస్తున్నాడు.

“పిచ్చిదానా, పిచ్చిదానా,” అంటున్నాడు. “నేను లోపలికి అడుగు పెట్టేదాకా తడుతూనే ఉన్నావు కాబట్టి బతికావు. ఇద్దరు కలిసి అడ్డం పడుకున్నట్టుంది, తలుపు తోస్తే కదల్దు.”

నేను తట్టడం ఎప్పుడో ఆపేశాను.

టీచరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రేడియో కింద పడి పగిలింది. నన్ను చూస్తోంది. పాదాల నుంచి తల దాకా, మళ్ళీ తల నుంచి పాదాల దాకా. నేను నేనేనా అన్నట్టు. ఆమె ముఖంలో అంత భయం చూసి నాకే జాలేసింది.

“నిజంగా నువ్వే,” అంది.

బావ లేచాడు. అంత పెద్దావిడ మీద గొంతెత్తడం అదే మొదలు.

“మనిషి చచ్చిపోతోందమ్మా లోపల! గుమ్మంలోనే కూర్చున్నారు! అంత చప్పుడవుతుంటే మీకు వినబడలేదా?”

వినబడలేదు అంటుందనుకున్నాను. చెవులు సరిగ్గా పనిచెయ్యవంటుందనుకున్నాను. ఆమె పెదవులు కదిలాయి. పాఠం అప్పజెప్పే గొంతు కాదు అది.

“వినబడింది.”

వాన చప్పుడు ఒక్కసారిగా తగ్గినట్టయింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు, విరిగిన బ్లేడూ బోర్లాపడ్డ డబ్బా మాత్రమే కనబడుతున్నాయి. మేం ముగ్గురం బయటే ఉన్నాం. తలుపు లోపలి వైపు నీలం రంగు తడితడిగా మెరుస్తోంది. నేను చూస్తుండగానే, అడుగు పలక మీద మెత్తబడ్డ ఆ రంగులో, మెల్లగా, ఒక గీత దిగింది. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. ఇంకోటి.

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ రోజు కూడా వినబడింది,” అంది టీచరమ్మ. మాతో కాదు. ఆ తలుపుతో. “ఇంట్లోనే ఉన్నాను. రంగుకి తలుపు పట్టుకుపోలేదు.” శాలువా మడతలోంచి చెయ్యి బయటికి తీసింది. పిడికిట్లో ఇనప గడియ. “ఇది నేనే పెట్టాను. ప్రేమించినవాడితో వెళ్ళిపోతానంది. అతని బస్సు కదిలేదాకా చాలనుకున్నాను. అరవద్దన్నాను. అరుపు ఆపితే తీస్తానన్నాను. తట్టడం ఆగగానే తీద్దామని ఈ కుర్చీలోనే కూర్చున్నాను.”

తట్... తట్... తట్...

“దాన్ని మోసుకెళ్ళిపోయారు,” అంది. “ఈ తట్టడం ఇంకా ఆగలేదు.”